తుమ్మకాయలకు వారంటీ లేదు

నా గాలం రాడ్డు విరిగింది నీళ్ళలో కాదు, తుమ్మచెట్టు కింద. ఈ ఒక్క వాక్యం ఆ రోజే కంపెనీకి రాసి ఉంటే ఇప్పుడిదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ నేను హైస్కూల్లో తెలుగు చెప్పే పంతులును. ఒక్క వాక్యంతో ఆగే అలవాటు మాకు లేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత మా ఊరి చెరువులో పూడిక తీశారు. నీళ్ళు నిండాయి, చేపపిల్లలను వదిలారు. చిన్నప్పుడు మేం క్రికెట్ ఆడిన జాగాలో రవ్వులు, బొచ్చెలు తిరగడం చూసి ఊరందరికీ పులుసు గుర్తొస్తే నాకు క్రీడ గుర్తొచ్చింది. ఫోన్లో వీడియోలు చూశాను. ఎవరో తెల్లాయన మంచుకొండల నడుమ నిలబడి చేపను పట్టి, దానికి ముద్దు పెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తున్నాడు. మా ఊళ్ళో అట్లా చేస్తే మనిషిని దవాఖానకు తీసుకుపోతారు. నేను మాత్రం ముచ్చటపడి, అలాంటి రాడ్డే ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను.

అది ముడిస్తే మూరెడు, గుంజితే ఇంటి చూరు దాటేది. పెట్టె మీద జీవితకాలపు వారంటీ అని బంగారు అక్షరాల్లో రాసి ఉంది. బాపుకు చదివి వినిపించాను. మా బాపుది గొర్లు, మేకలు కాసిన బతుకు. డెబ్బై దాటినా ఓ పది మేకలను పెట్టుకుని, కాయలు దులపడానికి ఇనుప కొంకి కట్టిన వెదురుకట్టె పట్టుకుని ఇప్పటికీ తుమ్మల్లోకి తోలుకుపోతాడు. ఆయన రాడ్డును చేతిలో ఆడించి చూశాడు.

"ఎవల జీవితం? నీదా, కట్టెదా?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు. తర్వాత కంపెనీని అడిగితే వాళ్ళకూ తెలియలేదు.

ఆరు నెలల్లో ఆ రాడ్డుకు పడింది ఒకే ఒక్క జెల్ల. వేలెడంత ఉంటుంది. ఫొటో తీద్దామని ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టేలోపు అది జారి నీళ్ళలోకి పోయింది. చూసినవాళ్ళు ఎవరైనా అడిగితే, కావాలనే వదిలేశాను అని చెప్పాను.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి రాడ్డు రెండు ముక్కలై మంచం మీద ఉంది. బాపు పక్కనే కూర్చుని ఉన్నాడు.

"నేనే ఇరగ్గొట్టినరా. మేకలకు తుమ్మకాయలు రాలగొడ్తాంటె పటుక్కుమన్నది. ఎదురుకట్టె లేస్తలేదు, భుజం గుంజుతాంది. గిది దూది లెక్కున్నదని తీస్కపోయిన."

భుజం సంగతి నాకు వినబడలేదు. నా చెవుల్లో పటుక్కుమనడమే మోగుతోంది.

"అది చేపలకు బాపు, మేకలకు కాదు" అన్నాను.

"కట్టెకు చేపేదో మేకేదో ఏమెరుక" అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు.

అప్పటికే చాయ్ హోటల్లో కూడా ఈ సంగతి తానే చెప్పి వచ్చాడట. బాపు స్వభావమే అంత, తప్పు చేస్తే మనం అడిగేదాకా ఆగడు. మర్నాడు నేను పోయేసరికి హోటల్లో చర్చ నడుస్తోంది. కంపెనీ కొత్తది ఇయ్యాలా వద్దా అని ఊరు రెండుగా చీలింది. విరగదని నమ్మకం లేకుంటే గ్యారంటీ ఎందుకిచ్చిండు, ఇచ్చినోడు మాట మీద ఉండాలె అని ఒక వర్గం. గొడ్డలితో పప్పు గెలికి, గొడ్డలి వంగిందని కమ్మరిని తిడతమా అని ఇంకో వర్గం. నేను మొదటి వర్గంలో చేరాను. ఇంటికొచ్చి బాపును కూడా అడిగాను.

"నా కట్టెలు ఎన్ని ఇరగలే? ఎన్నడన్న చెట్టు కాడికి పోయి పంచాతి పెట్టిన్నా?" అన్నాడు బాపు.

నేను పంచాయితీ పెట్టాను. కంపెనీవాళ్ళ ఫారం తెరిస్తే, విరిగినప్పుడు గాలానికి ఉన్న చేప పేరేమిటి అని అడిగారు. పేర్ల పట్టిక కూడా ఇచ్చారు. అందులో మేక లేదు. నిజం రాయడానికి వాళ్ళు జాగా పెట్టలేదని నా మనసుకు నచ్చజెప్పుకుని, రవ్వు అని రాశాను. బరువు అడిగితే ఏడు కిలోలన్నాను. సంఘటనను వివరించమంటే ఇక కలం ఆగలేదు. చెరువు కట్ట, పొద్దు వాలడం, చేప గుంజుడు, నేను ఎదురొడ్డి నిలబడడం, అన్నీ రాశాను. పదో తరగతి పిల్లవాడు అట్లా రాస్తే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

కంపెనీవాళ్ళు చాలా సంతోషపడ్డారు. ఇంత పోరాటం చేసిన చేప ఫొటో పంపితే తమ పేజీలో పెట్టుకుంటామని రాశారు. చెరువులో నీళ్ళు తగ్గి అప్పుడే వలలు దింపుతున్నారు. చేపల సొసైటీలో ఉన్న ఒకాయనను బతిమాలి, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని, పెద్ద రవ్వునొకదాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఫొటో దిగాను. చేప ముఖంలో ఉన్నంత నిజాయితీ కూడా నా ముఖంలో లేదు. పదిహేను రోజులకు కొత్త రాడ్డు వచ్చింది. కంపెనీ పేజీలో నా ఫొటో వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. దాన్ని నేనే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాను, వచ్చిన చప్పట్లన్నీ లెక్కపెట్టుకున్నాను.

ఆ ఫొటో ఏం చేస్తుందో నాకు తట్టలేదు. రాడ్డు విరగ్గొట్టింది తానేనని బాపు ఊరందరికీ చెప్పి ఉన్నాడు. ఇప్పుడేమో ఫొటోలో చేప ఉంది, కంపెనీ ముద్ర ఉంది, చదువుకున్న కొడుకు రాత ఉంది. ఊరు ఫొటోనే నమ్మింది. పెద్దాయనకు మతి తప్పుతున్నట్టుంది, చెయ్యని పనులు కూడా చేసిన్నంటున్నడు అని నలుగురూ జాలిపడ్డారు. బాపు హోటల్‌కు పోవడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు. కొత్త రాడ్డును ఆయన ముట్టుకోలేదు. పాత వెదురుకట్టెనే పట్టుకుని పోయేవాడు.

మా దిక్కు గొర్రె తప్పిపోయి వేరే మందలో కలిస్తే గుర్తు కోసం పెట్టిన చెవికోత చూసి ఎవరిదో చెబుతారు. చెవి కొయ్యని పిల్లయితే బాపు దగ్గరికి తెస్తారు. ఏ గొర్రె ఏ తల్లికి పుట్టిందో మొఖం చూసి చెప్పేవాడు. ఆ మాట మీద ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఆయన ఆస్తి అంటే అదే.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరు గొల్లలు నాదంటే నాదని ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. దాని తల్లి చచ్చిపోయింది. లేకుంటే పిల్లను వదిలితే తల్లి దగ్గరికే పోయేది, తగువే ఉండకపోవును. బాపు పిల్ల మూతి పట్టుకుని చూశాడు, మెడ కింద నిమిరాడు. ఇద్దరిలో చిన్నవాడి వైపు చూపించి, "వీనిదే. దీని తల్లికి గూడ గీడనే మచ్చుండె" అన్నాడు.

రెండో ఆయన ఒప్పుకోలేదు. బాపును ఏమీ అనకుండా నా వైపు తిరిగాడు.

"ఏమనుకోకు సారూ. పెద్దాయనకు యాది ఉంటలేదు గద. చేప ఇరగ్గొట్టిన రాడ్డును గూడ నేనే ఇరగ్గొట్టిన అన్నడు. ఆయన మాట ఎట్ల పట్టుకోవాలె?"

బాపు నా వైపు చూడలేదు. గొర్రెపిల్ల మెడ మీద చెయ్యి అట్లాగే ఉంచి నేల చూస్తున్నాడు. ఆ చెయ్యి చూసి నాకు సిగ్గేసింది. నా బతుకులో అంత సిగ్గు మళ్ళీ పడలేదు.

"రాడ్డును బాపే ఇరగ్గొట్టిండు" అన్నాను. "తుమ్మకాయలు కొడ్తాంటె ఇరిగింది. ఫొటోల ఉన్న చేప నాది కాదు, సొసైటీది. నేనే అబద్ధం రాసిన. బాపుకు అన్నీ యాదున్నయి."

రెండో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పంతులువై గిదేం పని సారూ" అని మాత్రం అన్నాడు. గొర్రెపిల్లను చిన్నవాడి చేతికిచ్చి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా నేను ఊళ్ళో నవ్వులపాలయ్యాను. మర్నాడు బాపు హోటల్‌కు పోయి చాయ్ తాగి వచ్చాడు.

అదే రోజు కంపెనీకి ఉన్నదున్నట్టు రాసి, రాడ్డును వాపసు పంపిస్తానన్నాను. చెట్టు కాయలు రాల్చడం వారంటీలోకి రాదనీ, ముగిసిన ఫిర్యాదును తిరిగి తెరిచే వీల్లేదనీ, రాడ్డును ఉంచుకోవచ్చనీ జవాబు వచ్చింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని కింద అడిగారు. నా అబద్ధానికి రాడ్డిచ్చిన కంపెనీ నిజానికి నక్షత్రాలడిగింది.

"ఏమన్నరు?" అని బాపు అడిగాడు.

"ఉంచుకోమన్నరు."

బాపు లేచి ఇంట్లోకి పోయాడు. కొత్త రాడ్డును తానే తెచ్చి నా చేతిలో పెట్టాడు, పాత వెదురుకట్టెకున్న ఇనుప కొంకిని కూడా తెచ్చాడు. కొంకి ఇచ్చేటప్పుడు ఆయన కుడిచెయ్యి భుజం దాకా లేవలేదు. రాడ్డు విరిగిన రోజు ఆయన చెప్పిన మాట అప్పటికి నాకు వినబడింది.

"గిది జర గట్టిగ కట్టియ్యి" అన్నాడు.

"ఇదీ ఇరుగుతది బాపు."

"ఇరగనియ్యి. ఈసారి నా పేరు రాయి."

నేను కొంకి కట్టాను.