కుందేలు బదులు కాక

సదానందానికి ఒకటే జబ్బు. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా భయం. అది తినేదైనా, కట్టుకునేదైనా, కరెంటుతో తిరిగేదైనా ముందు తన మీద పరీక్ష జరగాలి. తాను క్షేమంగా బయటపడితే తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు.

"ముందుగాల నేను చూస్త. తర్వాత మీరు" అనేవాడు. గోదావరిఖని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఆ మాట వినని క్వార్టర్ లేదు.

కొంత తప్పు ఉద్యోగానిది. గనిని అక్కడ బాయి అంటారు. ఆ బాయిలోకి అందరికంటే ముందు దిగి, పైకప్పును కర్రతో తట్టి చూసి, గాలి సంగతి చూసి, "ఇగ రాండ్రి" అని కార్మికులను పిలవడం ఆయన డ్యూటీ. ముప్పై ఏళ్లు అదే పని చేసిన మనిషికి సొంత ఇంటి పైకప్పు మీద కూడా నమ్మకం పోయింది.

కొత్త ఫ్యాను బిగించిన రోజు భార్య సారలమ్మను, అన్న కూతురు సహస్రను వరండాలో కూర్చోబెట్టి, డ్యూటీ హెల్మెట్ పెట్టుకుని దాని కింద ఒక్కడే పడుకున్నాడు. బయట మే నెల ఎండ.

"అయ్యిందా?" అని సారలమ్మ కిటికీలోంచి అరిచింది.

"ఆగు. ఇప్పుడే మూడు నంబర్ల పెట్టిన."

ఆ తర్వాత చప్పుడు లేదు. వాళ్లు హడలిపోయి తలుపు తోసుకుని వెళ్తే, హెల్మెట్‌తోనే హాయిగా గురక పెడుతున్నాడు.

పుట్టగొడుగుల కూర వండిన రోజు ఇంకా అన్యాయం. తాను రెండు గరిటెలు వడ్డించుకుని తిని, "గంటసేపు నా మొఖం చూడుండ్రి" అన్నాడు. చూశారు. ఆ గంటలో ఆయనకు కడుపు నొప్పి రాలేదు గానీ మళ్లీ ఆకలేసింది. గిన్నె ఖాళీ అయింది.

సహస్ర వాళ్ల అమ్మానాన్నలు గోలేటిలో ఉంటారు. బీఎడ్ చదవడానికి బాబాయి ఇంటికి (కాక అంటుంది ఆయన్ను) వచ్చిన పిల్ల, చదువు అయిపోయినా అక్కడే ఉండిపోయింది. ఉండిపోయింది అనడం కంటే దాక్కుంది అనడం సబబు. మూడేళ్ల కిందట ఎవరిదో పెళ్లికి వెళ్లాలని, బండి మీద అమ్మే పేరు లేని తెల్లక్రీము ఒకటి కొని పూసుకుంది. సాయంత్రానికి మొహం వాచింది. వారానికి తోలు ఊడింది. రెండు చెంపల మీదా అరచేతి వెడల్పున నల్లటి మచ్చలు మిగిలాయి. ఆ రోజు సదానందం మొదటి షిఫ్టులో ఉన్నాడు. ఆయన పరీక్ష చెయ్యకుండా ఆ ఇంట్లో వాడిన వస్తువు అదొక్కటే.

అప్పటి నుంచి సహస్ర కళ్లు తప్ప ఏమీ కనపడకుండా స్కార్ఫ్ కట్టుకుంటోంది. పిల్లలకు ఫోనులో ట్యూషన్ చెబుతుంది, కెమెరా ఆపేసి. గేటు చప్పుడైతే ముందు స్కార్ఫ్ వెతుక్కుంటుంది, తర్వాత చెప్పులు.

ఆ నవంబరు చివర్లో బెంగళూరు నుంచి పార్సిల్ వచ్చింది. పంపింది శ్రీలేఖ. జ్యోతినగర్‌లో కరెంటు ఇంజనీరు కూతురు, సహస్రతో పాటు బీఎడ్ చదివింది. సదానందం పార్సిల్‌ను తట్టి చూశాడు. ఎత్తి ఊపాడు. ప్రహరీ మీద కాసేపు ఎండబెట్టాడు. అప్పుడు విప్పనిచ్చాడు.

లోపల పెద్ద అట్టపెట్టె. దాని నిండా చిన్న చిన్న కిటికీలు. క్రిస్మస్ కోసం ఎదురు చూస్తూ డిసెంబర్ ఒకటి నుంచి రోజుకొక కిటికీ తెరవాలి, ఒక్కోదాంట్లో ఒక్కో సింగారపు సామాను ఉంటుంది.

"గీ కుందేలు బొమ్మ ఎందుకున్నదే?" అని ఆయన మూల మీద వేలు పెట్టాడు.

"జంతువుల మీద పరీక్ష చెయ్యలేదని గుర్తు కాక. మామూలుగ కుందేళ్ల కండ్లల్ల మందులు పోసి చూస్తరట. వీళ్లు గట్ల హింస పెట్టరు."

సదానందం మొహం పాలిపోయింది.

"కుందేలు మీద చూడలేదా?"

"చూడలే."

"మరి ఎవల మీద చూసిండ్రు?"

"వేరే పద్ధతులు ఉంటయి కాక, ల్యాబులల్ల..."

"అంటె పానమున్న దేని మీద చూడలే. మొదలు మన మీదనే అన్నట్టు. కుందేలు మీద జాలి పడ్డరు, మంచిదే. కుందేలును కాపాడి మా పిల్ల మీదికి తెస్తరా? సారా, పెట్టె బీరువా మీద పెట్టు. ముందుగాల నేను చూస్త."

ఆ పెట్టెను చూస్తేనే సహస్రకు చెంపలు మండినట్టు అనిపించింది. వాడాలని లేదు. పారెయ్యాలనీ లేదు.

మొదటి రోజు పెదాలకు రాసుకునే మైనం వచ్చింది. సదానందం రాసుకుని నాకాడు. "తియ్యగున్నది. పానం మంచిగనే ఉన్నది. ఇగ నువ్వు పెట్టుకో."

"రేపు పెట్టుకుంట కాక."

"సరే, రేపు."

రెండో రోజు ఎర్రటి లిప్‌స్టిక్. మోచేతికి రాసుకుని కాసేపు చూశాడు. "చెయ్యి వేరు, మూతి వేరు" అని మూతికి కూడా పూసుకున్నాడు. అలాగే చొక్కా వేసుకుని బజారుకు బయలుదేరాడు.

సారలమ్మ గేటు దాకా పరుగెత్తింది. "ఓ మనిషీ, మూతి తుడుసుకో! ఇజ్జత్ పోతది!"

"ఎండ తగిలితె ఎట్లుంటదో చూడొద్దా?"

ఆ రోజు నుంచి కాలనీకి పండగే. కనురెప్పలకు రాసే మస్కారా వచ్చినప్పుడు కంట్లో పొడుచుకుంటుందని భయపడి మీసాలకు రాసుకున్నాడు. పదేళ్లు చిన్నవాడైపోయాడు. సారలమ్మ ఆ రోజంతా ఆయన్ను అనుమానంగా చూసింది. మెరుపుల పొడి వచ్చిన రోజు కడుక్కున్నా పోలేదు. బాయిలో టోపీ దీపాల వెలుగుకు ఆయన నుదురు తళతళలాడితే, పైనుంచి బొగ్గు రాలి మెరుస్తోందనుకుని తోటి కార్మికుడు ఎల్లేశం "సదన్నా, కదలకు! నీ నెత్తి మీదికెళ్లి ఏదో పెచ్చు ఊడుతున్నది" అని బొబ్బలు పెట్టాడు. తెల్లటి మాస్కు గుడ్డ వచ్చిన రోజు దాన్ని మొహానికి అంటించుకుని పెరట్లో నిలబడ్డాడు. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న లస్మవ్వ తలెత్తి చూసింది. బకెట్టు ఒక దిక్కు, ఆమె ఒక దిక్కు. సాయంత్రం తాయెత్తు కట్టించుకుని గానీ అన్నం ముట్టలేదు.

ఫౌండేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది చలిదేశం వాళ్ల రంగు. ఆయన చేతికి రాస్తే గోడకు సున్నం వేసినట్టు ఉంది.

"అట్ల కాదు కాక, పలుచగ రాయాలె" అని సహస్ర ఒకరోజు దగ్గరికి వచ్చింది. ఇంకో రోజు వరండాలో కూర్చోబెట్టి కనుబొమలు తానే దిద్దింది. స్కార్ఫ్ అడ్డం వస్తోందని తీసి పక్కన పెట్టింది. ఆయన గమనించినట్టే లేడు. "పానం మంచిగనే ఉన్నది. నువ్వు పెట్టుకో" అన్నాడు. ఆమె "రేపు" అంది. ఆయన "సరే" అన్నాడు. విసుగు లేదు, బలవంతం లేదు.

నెల సగం దాటాక ఫోను వచ్చింది. జ్యోతినగర్‌లో ఒక బడిలో చిన్న తరగతులకు టీచరు కావాలి. సోమవారం వచ్చి పిల్లల ముందు పాఠం చెప్పి చూపించాలి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన దరఖాస్తు అది. స్కార్ఫ్ కట్టుకుని పాఠం ఎలా చెబుతారు? విప్పితే ముప్పై జతల కళ్లు.

"నేను పోను చిన్నమ్మా" అని మంచం మీద ముడుచుకుని పడుకుంది.

మర్నాడు పెట్టె కిటికీలోంచి చెంపలకు పూసుకునే రంగు వచ్చింది. సదానందం రెండు చెంపల మీదా, సరిగ్గా సహస్రకు మచ్చలు ఉన్న చోటే, అరచేతి వెడల్పున దట్టించుకున్నాడు. అది చూసి సహస్రకు ఒళ్లు మండింది.

"నన్ను ఎక్కిరిస్తున్నవా కాక?"

"లే బిడ్డా..."

"కాలనీ అంత మన ఇంటిని చూసి నవ్వుతున్నది. నిన్ను చూసే గింత నవ్వితె, నన్ను చూసి ఇంకెంత నవ్వుతరు? నీకు దండం పెడుత, ఆపెయ్!"

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. రెండో షిఫ్టు డ్యూటీకి పోవాల్సిన మనిషి టిఫిన్ క్యారియర్ మరిచిపోయాడు.

"రాజం హోటల్ కాడ ఉంటడు. జల్ది ఇచ్చి రా బిడ్డా, ఉపాసం ఉంటడు" అంది సారలమ్మ. కోపం చల్లారకపోయినా సహస్ర స్కార్ఫ్ బిగించి కట్టుకుని బయలుదేరింది.

రాజం చాయ్ హోటల్ పక్కన రేకుల తడిక. దాని వెనక్కి రాగానే నవ్వులు వినపడి ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"ఏం సదన్నా, బుగ్గలు ఎర్రగైనయ్? పెండ్లి చూపులా?" అంటున్నాడు ఎల్లేశం.

"నవ్వుండ్రి. కడుపు నిండ నవ్వుండ్రి. గందుకే వస్తున్న" అంది కాక గొంతు.

"గందుకే అంటే?"

"మా పిల్ల ఒకనాడు మొఖానికి గుడ్డ లేకుంట గీ తొవ్వల్నే పోతది. ఆ నాటికి మీ దగ్గర నవ్వు మిగలొద్దు. ఉన్నదంత నా మీదనే ఖతం చెయ్యుండ్రి."

నవ్వులు ఆగిపోయాయి.

"పిల్లను చూసి ఎవడు నవ్వుతడే?" అన్నాడు రాజం మెల్లగా.

"నవ్వరు. నాకెర్కనే. ఆమెకెర్క లేదు గద! కొత్త మొఖం కనపడితె మనుషులు కండ్లు పెద్దగ చేసి చూస్తరు. పిల్లకు గా చూపంటెనే భయం. పదిహేను దినాల సంది రోజుకో రంగేసుకొని మీ కండ్లకు అలవాటు చేస్తున్న."

"మరి నీకు భయం కాలేదా?"

"కాకుంటె ఎట్ల? మొదటిసారి మూతికి రంగేసుకొని గేటు దాటుతుంటె కాళ్లు గజగజ వణికినయ్. ఆడోళ్లు కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతుంటె పానం పోయినట్టే అయింది. బాయిల పెచ్చు ఊడిపడ్డనాడు సుత గంత భయం కాలే." చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "కుందేలు సంగతి సుత నిజమే. పిల్లకు సామాను పడదేమోనని గా భయం వేరే ఉన్నది" అన్నాడు.

సహస్ర తడిక వెనక క్యారియర్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ ఈయనంత పిరికివాడు లోకంలో లేడనుకుంది. నిజానికి ఆయన పిరికితనంలో తేడా ఏమీ లేదు. అంత భయాన్నీ వెంటబెట్టుకుని రోజూ గేటు దాటాడు, అంతే.

ఆమె ముందుకొచ్చి బెంచీ మీద క్యారియర్ పెట్టింది. "అన్నం మర్చిపోయినవ్ కాక" అంది. ఆయన దొరికిపోయిన దొంగలా నేల చూశాడు.

సోమవారం ఉదయం సహస్ర చెంపలకు ఏమీ పూసుకోలేదు. పెదాలకు మాత్రం ఎర్రటి రంగు వేసుకుంది. స్కార్ఫ్ లేకుండా గేటు దాటింది. సదానందం పది అడుగుల ముందు నడిచాడు, రోడ్డు కూడా తట్టి చూస్తాడేమో అన్నట్టు. బస్సు ఎక్కించి తాను దిగిపోయాడు.

బడిలో రెండో తరగతి. ప్రిన్సిపాల్ రాజరాజేశ్వరి గారు, గుంటూరు వైపు ఆవిడ, చివరి వరసలో కూర్చున్నారు. సహస్ర చాక్‌పీస్ పట్టుకుని తిరిగిందో లేదో, ముందు బెంచీలో జడల పిల్ల ఆమె మూడేళ్లుగా భయపడుతున్న ప్రశ్న అడిగేసింది.

"టీచర్, మీ బుగ్గలకు ఏమైంది?"

సహస్ర చాక్‌పీస్ బల్ల మీద పెట్టింది. "తెల్వని క్రీము పూసుకున్న. కాలింది" అంది.

ఆ పిల్ల ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మోచెయ్యి చూపించి, "నేను సైకిల్ మీదికెళ్లి పడ్డ" అంది. ఇంకో పిల్ల గడ్డం ఎత్తి, "నాకు మూడు కుట్లు" అంది. మరొకరు సాక్సు దించారు. అయిదు నిమిషాల్లో పాఠం పోయి తరగతంతా మచ్చల ప్రదర్శన అయింది. సద్దుమణగకపోయేసరికి రాజరాజేశ్వరి గారు లేచి నిలబడ్డారు. సహస్ర పని అయిపోయిందనుకుంది.

ఆవిడ చీర కొంగు సర్దుకుని మణికట్టు ముందుకు చాపారు. "ఇదిగోండమ్మా, నాది గారెల నూనె. ఇంక పాఠం మొదలుపెట్టండి."

మధ్యాహ్నం బస్సు దిగేసరికి సదానందం స్టాపులోనే ఉన్నాడు. పొద్దుటి నుంచి కదిలినట్టు లేడు.

"ఏమన్నరు?"

"జనవరి నుంచి రమ్మన్నరు కాక."

ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. "ఏమైంది కాక?" అని ఆమె గాబరాపడింది.

"ఏం లే. పొద్దుటి సంది కాళ్లు నా మాట ఇంటలేవు."

చెయ్యి పట్టుకుని లేపి రాజం హోటల్‌కు నడిపించింది. వేళ కాని వేళ బెంచీల నిండా మనుషులు. ఎల్లేశం డ్యూటీ కూడా మానేసినట్టున్నాడు. అందరూ ఒక్కసారి తలలు ఎత్తి చూశారు, వెంటనే దించుకుని చాయ్ గ్లాసుల్లోకి చూశారు. ఎవరూ ఊపిరి కూడా తియ్యడం లేదు. నవ్వుతారేమోనని ఇన్నాళ్లూ ఆమె భయపడింది. పొరపాటున పెదవి కదిలితే సదానందం ఏమంటాడోనని ఇప్పుడు వాళ్లు భయపడుతున్నారు. అంతమంది పెద్ద మనుషులు బడి పిల్లల్లా బిగుసుకుని కూర్చోవడం చూసి సహస్ర ఆపుకోలేకపోయింది. ఫక్కున నవ్వింది.

"ఏందన్నా, అందరు చావుకు వచ్చినట్టు కూసున్నరు? నాకు నౌకరి దొరికింది. అందరికి చాయ్ పొయ్యి."

రాజం గ్లాసులు కడగడానికి పరుగెత్తాడు. బెంచీ మీద కాకకు చోటిచ్చి, ఆయన పక్కనే రోడ్డుకు ఎదురుగా కూర్చుని, సహస్ర వేడి చాయ్ ఊదుకుంటూ తాగింది.