తెల్ల అంబాసిడర్

మా పాత అంబాసిడర్‌కి తెల్ల రంగే వేయించాలని పట్టుబట్టింది నేనే. తెనాలి పెయింటరు "తెలుపొద్దండి, నీలం వేద్దాం" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "కారు పుట్టిందే తెల్లగా, మధ్యలో నీ పెత్తనమేంటయ్యా?" అని కసిరాను. తుప్పు గీకి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి, బంపర్లకు క్రోమియం పూత వేయించాక వాటిలో మొహం చూసుకోవచ్చు.

మొదటిసారి దాంట్లో రేపల్లె నుంచి పెనుమూడి బయల్దేరాను. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. నా కారు చూడగానే రైతులు పరుగున వచ్చి ధాన్యాన్ని పక్కకు లాగేశారు. ఒకాయన కిటికీలోంచి నా దోసిట్లో గింజలు పోశాడు.

"మీవాళ్లు తేమ ఉందని కొనట్లేదు. మీరే చూడండి సార్, ఎక్కడుందండి తేమ?"

తెల్ల అంబాసిడర్‌లో వచ్చేది ఆఫీసరేనని ఆయన లెక్క. పెయింటరు గోల అప్పటికి గాని నాకర్థం కాలేదు.

"నేను ఆఫీసర్ని కాదండి. ఇది నా సొంత కారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. బంపర్‌లో చూసుకుంటూ తలపాగా సర్దుకున్నాడు.

"బండి బాగుంది బాబాయ్. కాస్త వెనక్కి తియ్యి, ఎండ పోతోంది."

నా దోసిట్లో గింజలు తీసేసుకుని, ధాన్యం మళ్లీ పరిచాడు. ఈసారి సగం కాదు, రోడ్డంతా.