తూచని రెండు నెలలు

2023లో ఆత్మకూరు బస్టాండుకి రెండు వీధుల అవతల ఒక ప్రైవేటు డేకేర్‌లో ఇన్‌ఫాంట్ రూమ్ బాధ్యత నా చేతికి వచ్చింది. ఏడాది లోపు పిల్లల్ని ఉంచే గదిని అలా అంటాం. అప్పుడు ఏడుగురు ఉండేవాళ్ళు. తల్లులు బ్యాంకుల్లో, బళ్ళల్లో, సచివాలయాల్లో పనిచేసేవాళ్ళు. పిల్లల్ని ఆడించడం కూడా ఒక ఉద్యోగమేనా అని నన్ను అడిగినవాళ్ళు చాలామంది. ఏడుగురూ ఒకేసారి ఏడుస్తున్నప్పుడు ఒక్క గంట కూర్చోమంటే మాత్రం వాళ్ళలో ఎవరూ కూర్చోలేదు.

ప్రతి నెలా చివరి శనివారం ఒక్కో బిడ్డకి ఒక కాగితం రాస్తాం. దాని పేరు మంత్లీ అప్‌డేట్. బోర్లా పడిందా, కూర్చుంటోందా, ఏం తింటోంది, ఎంతసేపు నిద్రపోతోంది, బరువెంత, ఇవన్నీ గళ్ళల్లో నింపి ఫొటో తీసి తల్లి ఫోనుకి పంపుతాం. కాగితం మా ఫైల్లో ఉంటుంది.

దీక్షిత ఆరో నెలలో చేరింది. వాళ్ళది బజారులో పాత హోల్‌సేల్ కిరాణా కొట్టు. తల్లి సౌమ్య దుత్తలూరులో టీచరు, పొద్దున్నే బస్సుకి వెళ్ళిపోయేది. బిడ్డనీ పాల సీసాల సంచినీ తెచ్చేది సౌమ్య అత్తగారు రత్నమ్మ. మేమంతా ఆమెని అవ్వా అనేవాళ్ళం. మనవరాలంటే ఆమెకి ప్రాణం. మొదటి అప్‌డేట్ పంపిన మరుసటి సోమవారం గుమ్మంలోనే నన్ను నిలదీసింది.

"ఏందిమే, బిడ్డ బరువు రాసి ఫోన్లో పంపినావు? మా కోడలు అది బళ్ళో అందరికీ చూపించిందంట. దిష్టి తగలదా? ఆ ఒక్కటి రాయొద్దు."

"సరే అవ్వా," అన్నాను. దిష్టి మాట ఎత్తిన పెద్దవాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు. మా అమ్మా అంతే. సౌమ్యకి ఫోన్ చేస్తే, "ఆమె మాటే కానీండి మేడం, ఇంట్లో గొడవెందుకు" అంది.

అంతవరకు తప్పు లేదు. తప్పు ఆ తర్వాత చేశాను. రాసేది లేనప్పుడు తూచడమెందుకని దీక్షితని తూకం మీద పెట్టడమే మానేశాం. అలా చేద్దామని ఎవరూ అనుకోలేదు, పని హడావుడిలో అలా జరిగిపోయింది. రెండు నెలలు ఆ గడి ఖాళీగా వదిలి, మిగతా గళ్ళల్లో 'నవ్వుతోంది, అల్లరి లేదు, చక్కగా పడుకుంటోంది' అని రాస్తూ వచ్చాను.

ఆ తర్వాత ఒకరోజు డయపర్ మారుస్తుంటే మొలతాడు చేతికి తగిలింది. ఆ వయసు పిల్లలకి మొలతాడు త్వరగా బిగుతవుతుంది. వదులు చేసి కట్టమని మేమే ఇంటికి చెప్పి పంపుతుంటాం. దీక్షితది చేరినప్పటిలాగే వదులుగా తుంటి మీదే ఉంది. ఇంట్లో వదులు చేశారేమో అనుకుని ముడి చూశాను. మొదట్నుంచీ ఉన్న ముడే. నాకు భయం వేసింది. వెంటనే తూచాను. చేరినప్పుడు ఆరు కిలోల మూడు వందలు, ఇప్పుడు ఆరు కిలోల నాలుగు వందలు. అన్ని రోజులకీ పెరిగింది వంద గ్రాములు.

సంచిలోని సీసా తీసి గ్లాసులోకి వంచాను. పాలు మరీ పలచగా ఉన్నాయి. సాయంత్రం అవ్వ వచ్చినప్పుడు అడిగాను.

"డబ్బా పాలు ఎట్ట కలుపుతారవ్వా?"

"డబ్బా మీద రాసినట్టు కలిపితే చిక్కగా ఉండాయి మే. పసిదానికి అరుగుతాయా? అందుకే నీళ్ళు ఇంకో అంత పోస్తా. నా పిల్లలందరినీ పాలల్లో నీళ్ళు పోసే పెంచినాను."

"అందుకే బిడ్డ పెరగలేదవ్వా. కడుపు నిండతా ఉండాది గానీ బలం అందడం లేదు."

ఆమె నన్ను తిట్టలేదు. బిడ్డని ఎత్తుకుని నడుం దగ్గర తడిమి చూసుకుంది. "నా చేత్తోనే చేసినానా" అంటూ అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

నేను ఫోన్ చేసి చెబితే సౌమ్య బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చింది. అంతా విని ఒక్కటే అడిగింది. "బరువు రాయొద్దన్నాం. చూడొద్దని ఎవరన్నారు మేడం?"

"ఎవరూ అనలేదు. నాదే తప్పు," అన్నాను. ఆమె ఏడుస్తూనే బిడ్డని తీసుకెళ్ళింది. ఇక పంపదనుకున్నాను.

పిల్లల డాక్టరు చూసి వేరే జబ్బేమీ లేదన్నారట. కొలత ప్రకారం పాలు కలపమని, మెత్తగా పప్పన్నం పెట్టమని చెప్పి, ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగి ఉంటే బిడ్డకి చాలా కష్టమయ్యేదని కూడా అన్నారట. వారం తర్వాత దీక్షిత మళ్ళీ వచ్చింది. ఈసారి సంచిలో పాల డబ్బా, కొలత చెంచా ఉన్నాయి. పగటి సీసాలు మమ్మల్నే కలపమంది సౌమ్య.

తర్వాతి నెల చివరి శనివారం అవ్వే బిడ్డని తూకం మీద పెట్టింది. ఆరు కిలోల తొమ్మిది వందలు.

"రాయమంటారా?" అన్నాను.

"రాయి మే. ఎవురి కళ్ళూ పడలా. మనమే సరిగ్గా చూడలా."

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. ఇంటివాళ్ళు పంపొద్దన్నది పంపను, వాళ్ళ నమ్మకం వాళ్ళది. కానీ చూడాల్సింది చూస్తాను, ఫైల్లో రాస్తాను, తల్లికి చెవిలోనైనా చెబుతాను. వద్దన్నవాళ్ళు ఎంతవరకు వద్దన్నారో సరిగ్గా వినాలని ఆ బిడ్డ వల్లే నేర్చుకున్నాను.

ఆ రోజు బరువు రాశాక ఫైల్లోంచి పాత రెండు కాగితాలు తీశాను. ఖాళీగా ఉన్న గళ్ళల్లో ఎర్ర పెన్నుతో 'తూచలేదు' అని రాసి, పక్కన నా సంతకం పెట్టి, ఆ రెండింటినీ సౌమ్యకి పంపాను.