నాలుగో పోర్టు

మా బావ పని కొత్త సర్వర్లకు ప్రాణం పోయడం. మెషీన్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి స్విచ్ నొక్కితే చాలు, ఆయన రాసిన ఫైల్ చదువుకుని అది తనంతట తానే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటుంది. మెషీన్ వెనక కేబుల్ గుచ్చడానికి నాలుగు పోర్టులుంటాయి. వాటిలో దేనికి నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వాలో కూడా ఆ ఫైల్లోనే రాయాలి. లోకమంతా మొదటి పోర్టు రాస్తుంది. మా బావ నాలుగోది రాశాడు.

కారణం మా అక్క. మా ఆఫీసు సర్వర్ గదిలో కేబుళ్లు వేసేది. ఎడమచేతి వాటం. మెషీన్లు పేర్చిన ర్యాక్ వెనక ఇరుకులో దూరి, చేతికి అందిన చివరి పోర్టులో కేబుల్ గుచ్చేసి వచ్చేది. మెషీన్లు అడ్రస్ దొరక్క మొరాయించేవి. "కేబుల్ మార్చండి" అని ఒక్క ముక్క చెబితే పోయేదానికి, ఈ మహానుభావుడు నోరు పెగలక ఫైలే మార్చుకున్నాడు. పెళ్లయ్యాక ఆ సంగతి తెలిసి అక్క పడీ పడీ నవ్వింది. "మా ఆయన నా కోసం కొండలేం పిండి చేయలేదే, ఒకటిని నాలుగు చేశాడు" అనేది నాతో.

పోయిన వర్షాకాలం జ్వరమని ఆసుపత్రిలో చేరిన అక్క మళ్లీ ఇంటికి రాలేదు. ఎడమచేత్తో స్పూను పట్టే అక్క మోచెయ్యి తగలకుండా ఆమెకు కుడిపక్కన కూర్చోవడం బావకు అలవాటు. క్యాంటీన్‌లో ఇవాళ్టికీ తన ఎడమపక్క కుర్చీ వదిలేసే కూర్చుంటాడు.

అక్క స్థానంలో వచ్చినతను బుద్ధిగా మొదటి పోర్టులోనే కేబుల్ పెడతాడు. మెషీన్ నాలుగోది తడిమి చూసి, అక్కడ ఏమీ లేదని ఆగిపోతుంది. అప్పుడు బావ ర్యాక్ వెనక దూరి, ఒక్కో కేబుల్ పీకి నాలుగోదాంట్లో పెట్టి వస్తాడు. ఆ గదికి సూపర్‌వైజర్ని నేనే. ఎన్నాళ్లని వెనకేసుకురాను? మెషీన్ల అప్పగింతలు ఆలస్యమయ్యాయి. ఇంకోసారి మెషీన్ ఆగితే ఆయన్ని పనిలోంచి తీసేస్తానని మేనేజర్ తెగేసి చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. మేనేజర్ మీద కాదు, బావ మీద.

"ఒక్క లైను బావా! కేబుల్ ఏ పోర్టులో ఉంటే అదే తీసుకోమని రాస్తే నీ సొమ్మేం పోయింది?"

బావ స్క్రీన్ మీదున్న నాలుగు అంకెను వేలితో చూపించాడు.

"ఆ నాలుగు తీసేస్తే, మీ అక్క చెయ్యి ఇంక ఈ గదిలో ఎక్కడా ఉండదు" అన్నాడు.

నా కోపం చప్పున చల్లారింది. అయినా వదల్లేదు. ఈ ఉద్యోగం కూడా పోతే ఆ మనిషి ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటాడు. నా భయం అదే.

చివరికి ఆ అంకె చెరిపాడు. కేబుల్ ఉన్న పోర్టు ఏదైనా సరేనని రాశాడు. కొత్తతను అలవాటుగా మొదటిదాంట్లో కేబుల్ పెట్టాడు. బావ స్విచ్ నొక్కాడు. మెషీన్ అడ్రస్ తీసుకుంది, గడగడా అంతా ఎక్కించుకుంది, పచ్చలైటు వెలిగింది. కొత్తతను హమ్మయ్య అన్నాడు. నేనూ అన్నాను.

బావ ర్యాక్ వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. ఖాళీగా ఉన్న నాలుగో పోర్టు మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

"మెషీన్ ఒక్క క్షణమైనా ఆగలేదే" అన్నాడు. "ఆవిడేదని అడగనైనా అడగలేదు."