హారన్ లేకుండా బాపట్లకు

మా అత్తయ్య పాట రేడియోలో వచ్చే రోజే మా కారు రేడియో చచ్చి కూర్చుంది.

ఆ ఉదయం రేపల్లె నుంచి బాపట్లకు ఒక నిశ్చితార్థానికి బయల్దేరాం. మా ఆయన డ్రైవింగు, పక్కన నేను, వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ పక్కన పళ్ల బుట్ట. ఆవిడ ప్రార్థన చేయనిదే మా కారు గేటు దాటదు. ఆ రోజు ప్రార్థనలో ప్రయాణంతో పాటు రేడియో వాళ్లను కూడా చేర్చారు.

అత్తయ్య పెళ్లై వచ్చినప్పటి నుంచి మా చర్చి పాటల బృందంలో వెనక వరుసే. అందరితో కలిసి పాడడమే తప్ప ఎప్పుడూ విడిగా పాడి ఎరుగరు. ఈసారి క్రిస్మస్ పాట రికార్డింగుకు రేడియో స్టేషనుకు వెళ్తే, ఒక చరణం ఒంటరిగా పాడాల్సిన అమ్మాయికి గొంతు బొంగురుపోయింది. "ఆ చరణం మీరు పాడండమ్మగారూ. బాగా రాకపోతే తీసేద్దాం" అన్నారట స్టేషను వాళ్లు. పాడి వచ్చారు గానీ, అప్పటి నుంచి ఒకటే దిగులు. "చివర్లో దగ్గు వచ్చిందమ్మాయ్, తీసేసే ఉంటారు. తీసేస్తే తీసేస్తారు, నాకేంటి?" అనేవారు. అంటూనే పేటలో ఒక్క ఇల్లు వదలకుండా తిరిగి, పది గంటలకు రేడియో పెట్టుకోమని చెప్పి వచ్చారు.

చెరుకుపల్లి దాటాక బటన్ నొక్కాను. లైటు రాలేదు, గడియారం అంకెలు కూడా లేవు. మా ఆయన సెట్టు మీద పిడికిలితో ఒక్కటిచ్చారు. పాత టీవీల కాలం నుంచి ఆయనకు తెలిసిన రిపేరు అదొక్కటే.

"రేపు ఎలాగూ తెనాలి వెళ్తున్నాగా, అక్కడ చూపిస్తాలే" అన్నారు.

"రేపు చూపిస్తే ఇవాళ్టి పాట వస్తుందాండి?" నాకు ఒళ్లు మండిపోయింది.

ఫోన్లో పెడదామంటే గుండ్రంగా తిరుగుతుందే గానీ రేడియో రాదు. వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య కిటికీలోంచి వరి కుప్పల వైపు చూస్తున్నారు. "పోనీలే అమ్మాయ్, పెద్ద పాటా ఏంటి" అన్నారు. ఆ మాట విన్నాక ఇక నా వల్ల కాలేదు. కారు పక్కకు ఆపించాను.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఫ్యూజు పాఠం ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. ఇవాళ నా చదువేంటో తేలిపోవాలనుకున్నాను. హారన్ నొక్కితే మోగింది, హెడ్‌లైట్లు వెలిగాయి. అంటే బ్యాటరీ నిక్షేపంగా ఉంది. ఫోను చార్జింగు పెట్టే సాకెట్టు పనిచేస్తుందేమో చూద్దామని వంగితే, అందులో ఏదో ప్లగ్గు ముందే ఉంది. స్టార్‌ది!

క్యారల్స్‌కు ఇంటింటికీ తిరిగేటప్పుడు ముందు నడిచే కారు మీద వెలిగే స్టార్ కట్టడం మా పేట ఆనవాయితీ. ఈ ఏడు ఆ గౌరవం మా కారుకు దక్కింది. మా ఆయన తలుపు సందులోంచి వైరు లాగి ఆ సాకెట్టుకు తగిలించారు. తరవాత స్టార్ దింపారు గానీ వైరు సంగతి మరిచిపోయారు. తలుపు వేసినప్పుడల్లా నలిగి, పై తొడుగు చిరిగి, రాగి తీగ కారు రేకుకు ఆనుకుని షార్టయింది.

"దొరికింది!" అని రోడ్డు మీదే ఎగిరాను. సైకిల్ మీద పోతున్న పెద్దాయన దిగి మరీ చూశాడు.

కారు తాళం తీసేసి, స్టీరింగు కింద ఫ్యూజుల మూత లాగాను. మూత లోపలి వైపు ఏది దేనిదో బొమ్మలున్నాయి. నేను అనుకున్నట్టే రేడియోకూ సాకెట్టుకూ ఒకటే ఫ్యూజు. పీకి ఎండకు పట్టి చూస్తే లోపలి తీగ తెగి నల్లబడింది. మా స్కూల్లో పిల్లలందరూ పాసైనప్పుడు కూడా నాకంత సంబరం కలగలేదు.

స్పేరు మాత్రం లేదు. అదే నీలం రంగుది, అదే అంకె ఉన్నదే పెట్టాలి. ఎక్కువది పెడితే వైర్లు కాలిపోతాయి. వెతికితే అలాంటిది ఒకే ఒక్కటి కనబడింది. బొమ్మ చూస్తే అది హారన్‌ది.

"హారన్ లేకుండా బాపట్ల బజార్లోకా? నీకేమన్నా పిచ్చా?" అన్నారు మా ఆయన.

వెనక సీట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "తియ్యరా."

ఇన్నాళ్లూ నాకేంటి అంటూ వచ్చిన మనిషి! నేను స్టార్ వైరు మొత్తం ఊడబీకి, హారన్ ఫ్యూజు తెచ్చి రేడియోకు గుచ్చాను. ఇదీ పోతే రెండూ పోయినట్టే. తాళం తిప్పాను. సెట్టు వెలిగింది! కోరస్ అప్పటికే నడుస్తోంది.

కోరస్ ఆగి, ఒక్క గొంతు మొదలైంది. సన్నగా కాస్త బెరుగ్గా ఎత్తుకుని, రెండో మాటకే నిలదొక్కుకుంది. ముందుకు వంగి వింటున్న అత్తయ్య మొహం వాడిపోయింది.

"నాది తీసేశారమ్మాయ్. ఆ పిల్ల చేత మళ్లీ పాడించినట్టున్నారు. పోన్లే, ఎంత బాగా పాడుతోందో!"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. "అత్తయ్యా, అది మీరేనండి" అన్నాను.

"ఊరుకో."

చరణం అయిపోయింది. చివర్లో చిన్న దగ్గు వినబడింది.

అత్తయ్య చేత్తో నోరు మూసుకున్నారు. "నేనే!" అన్నారు వేళ్ల సందులోంచి. "నా గొంతు ఇట్టా ఉంటదా?" నాకు ఏడుపాగలేదు. మా ఆయన అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగారు.

బాపట్ల ఊళ్లోకి వచ్చే ముందు ఆయన కారు ఆపి, ఫ్యూజు మళ్లీ హారన్‌కు మార్చబోయారు. "ఉండరా, మళ్లీ వేస్తారేమో" అని అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపారు. బజార్లో ఒక ఆటో దారికి అడ్డంగా నిలబడి ఉంది. అత్తయ్య కిటికీ అద్దం దింపి, తల బయటికి పెట్టారు.

"బాబూ ఆటో! కాస్త పక్కకి తప్పుకో నాయనా!"

బజారంతా వినబడింది. ఆటో తప్పుకుంది. నిశ్చితార్థం ఇంటి దాకా మాకు హారన్ అవసరం రాలేదు.