అలిగేవాళ్లు లేని ఆట

బందరులో అద్దకం అచ్చులు చెక్కే రహంతుల్లా, వైకుంఠపాళి పటాన్ని ముందు ఆడి చూడనిదే చెక్కమీదికి ఎక్కించేవాడు కాదు. అరుగుమీద సుద్దతో గళ్లు గీసి భార్య ఖైరున్ బీతో ఆడేవాడు. పాము నోట పడితే ఆమె, "ఇక్కడా పెట్టేది? దయలేని మనిషి!" అని గవ్వలు విసిరికొట్టేది. అతను గడ్డం దువ్వుకుంటూ నవ్వేవాడు. ఆమె మరీ అలిగి లేచిపోతే మాత్రం పామును కాస్త కిందికి జరిపేవాడు.

దివిసీమలో చెల్లెలింటికి వెళ్లిన ఖైరున్ బీ ఉప్పెనలో పోయింది. ఆ తర్వాత కూడా గళ్లు గీసేవాడు గాని, ఎదురుగా ఎవరూ లేక ఉలి ముట్టేవాడు కాదు. ఒక సాయంత్రం పక్కింటి పురుషోత్తం మాస్టారు పత్రిక పట్టుకొచ్చారు.

"సాయిబు గారూ, కంప్యూటరు చదరంగం ఆడుతోందట. రేపు కొత్త ఆటలు కూడా అదే తయారుచేస్తుంది. మీ సుద్దముక్కకి ఇక సెలవే!"

"ఓడితే అలుగుతుందా అండీ?"

"యంత్రానికి అలకేమిటి!"

"అలిగేది వస్తే చెప్పండి. ఒకటి తెచ్చుకుంటాను."

మాస్టారు పత్రిక మడిచి, ఎదురుగా కూర్చుని గవ్వలు అందుకున్నారు. కాసేపటికి పెద్దపాము ఆయన్ని మింగేసింది. "ఇదేం అన్యాయమండీ, గెలుపు ముంగిట్లోనా!" అని నిజంగానే ఉడుక్కున్నారు. రహంతుల్లా అరచేత్తో పామును చెరిపి, ఒక వరస కిందికి గీశాడు. చాలా రోజులకి అతని చెయ్యి గడ్డంమీదికి వెళ్లింది.