శిల్పంలో లేని మా అమ్మ

మొన్న ఆర్మూర్‌లో, రజాకార్లను ఎదిరించినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాతి శిల్పాన్ని చూశాను. రెండంతస్తుల ఎత్తు, అందరూ మీసాలవాళ్లే. మా అమ్మ లేదు.

నా ఈడువాళ్లారా, ఉడకబెట్టి కుప్పపోసిన పసుపు వాసన గుర్తుందా? రజాకార్లు కాల్చేస్తామని వెతుకుతున్న మా మేనమామను అమ్మ ఆ తడి కుప్పలోనే దాచింది. తీరా వాళ్లు వాకిట్లోకి వచ్చేసరికి ఊపిరాడక లేచి నిలబడ్డాడు, నిలువెల్లా పచ్చగా.

“ఎవడు వీడు?” అన్నాడొక రజాకారు.

“నా తమ్ముడు. పెండ్లికొడుకును చేసినం. ముట్టకుండ్రి,” అంది అమ్మ.

“పిల్లది ఏ ఊరు?”

“నందిపేట్,” అంది తడుముకోకుండా.

వాళ్లు నమ్మి వెళ్లిపోయాక మామ అడిగాడు. “పిల్లెవరక్కా?”

“జర ఆగురా. రేపు పోయి చూసొస్త.”

చూసొచ్చింది కూడా. మేమంతా ఆ నందిపేట్ అత్త చేతి వంట తిని పెరిగినవాళ్లమే.